మాండలిన్ వాయించడం రాని గురువు దగ్గర మాండలిన్ శ్రీనివాస్ ఎలా నేర్చుకున్నారు?

కూకట్‌పల్లి_నాన్న:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా పాపకి తొమ్మిదేళ్ళు. మొన్న వేసవి సెలవల్లో తాడేపల్లిగూడెం అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు మా మావగారు పొద్దున్నే కాఫీ తాగుతూ మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీ ఫోన్లో పెట్టుకుని వింటున్నారు, ఇది పళ్ళు తోముకోడానికని బయటికొచ్చి బ్రష్షు నోట్లో అలాగే పెట్టుకుని అరుగు మీద కూచుండిపోయింది. అయ్యేదాకా లేవలా. అయ్యాక "తాతయ్యా ఇది గిటారా, వీణా" అని అడిగింది, రెండూ కాదు మాండలిన్ అంటే అప్పట్నుంచి నాకదే కావాలని ఒకటే పాట. హైదరాబాద్ వచ్చాక కూడా మర్చిపోతుందేమో అని నెల చూశాం, మర్చిపోలేదు, సరే అని ఒకటి కొన్నాం.

ఇప్పుడు అసలు సమస్య. కర్ణాటక సంగీతం మాండలిన్ మీద నేర్పేవాళ్ళు మాకు దగ్గర్లో ఎవరూ దొరకలేదు. ఆన్‌లైన్ క్లాసులు ఉన్నాయి కానీ ఆ టైమింగులు మా పాప స్కూల్‌కి కుదరట్లేదు. మా సందు చివర ఒక మాస్టారు ఉన్నారు, రిటైరయ్యారు, గాత్రం చెప్తారు. ఆయన్ని అడిగితే "నాకు మాండలిన్ పట్టుకోవడం కూడా రాదు బాబూ, కానీ పిల్లని తీసుకురా, నేను పాడతా, అది వాయిస్తుంది, పాలకొల్లు శ్రీనివాస్‌కి చదువు వచ్చింది అలాగే" అన్నారు. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ "ఈత రానాయన గట్టు మీద నించుని ఈత నేర్పినట్టుంది" అంది. నాక్కూడా ఆ అనుమానం ఉంది.

తెలిసినవాళ్ళు చెప్పండి. శ్రీనివాస్ గారికి నిజంగానే మాండలిన్ రాని గురువా? అలా అయితే ఆయన నేర్చుకున్నదేంటి, ఎవర్ని విని ఆ బాణీ పట్టుకున్నారు? పుట్టుకతో వచ్చిన విద్య అని వదిలేస్తే మాకేం పనికిరాదు కదా, మా పిల్లకి ఏం చెయ్యాలో తెలియాలి.

క్షీరారామం:

మాది పాలకొల్లేనండి. ఇప్పుడు బెంగుళూరులో ఉంటున్నా గానీ ఊరి పేరు కనపడితే చెయ్యి ఆగదు.

మీ మాస్టారు చెప్పింది నిజమేనండి. ఉప్పలపు శ్రీనివాస్ గారు పుట్టింది 1969 ఫిబ్రవరి 28న, పాలకొల్లులో. వాళ్ళ నాన్నగారు సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఒక మాండలిన్ ఉండేది, ఆరేళ్ళప్పుడు ఈ పిల్లాడు దాన్ని తీసి వాయించడం మొదలెట్టాడు. అంటే చూడండి, ఎవరో ఈ వాయిద్యం మంచిదని ఎంచి చేతికివ్వలేదు, ఇంట్లో ఉన్నదాన్ని పట్టుకున్నాడంతే. మా వైపు క్లారినెట్ అంటే తెలుసుగా, పెళ్ళి మేళంలోనూ నాటకాల్లోనూ ఎక్కడ చూసినా ఉండేది. ఊపిరితో పలికే వాయిద్యం. పిల్లాడి చెవిలో పొద్దస్తమానం పడింది ఆ సాగే నాదం, చేతిలో పడింది మాత్రం మీటగానే టంగుమని ఆగిపోయే వాయిద్యం. ఆయన వాయించిందంతా ఆ టంగుమనేదాన్ని సాగదియ్యడమే అని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, ఎక్కడా చదివింది కాదు.

నాన్నగారు కొడుకులో పట్టు చూసి తన గురువు గారి దగ్గరే పెట్టారు. ఆయన రుద్రరాజు సుబ్బరాజు గారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చెంబై గారంటే పాలక్కాడు వైపు మహా విద్వాంసుడు, ఏసుదాస్ గారికీ గురువే. అలా చూస్తే మన మాండలిన్‌కీ ఏసుదాస్ గారి గొంతుకీ మూలం ఒక్కచోటే తేలుతుంది. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు వాయించేవాడు. పాఠం అంతా అదే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ చేశారు. అప్పటికి తొమ్మిదేళ్ళు, మీ పాప వయసే. తర్వాత కుటుంబం మద్రాసు మారిపోయింది, ఇక అక్కడ్నుంచి అందరికీ తెలిసిన కథే.

మా ఇంట్లో రెండు క్యాసెట్లు ఉండేవి. ఒకటి టేపు నలిగి మధ్యలో ఒకచోట ఎప్పుడూ గుర్రుమనేది, మా అమ్మ పెన్సిల్ పెట్టి తిప్పి సరిచేసి మళ్ళీ వేసేది. పెళ్ళిచూపులకి ఎవరొచ్చినా, వరలక్ష్మీ వ్రతానికి ముత్తైదువలొచ్చినా వెనకాల అదే. ఇప్పుడు నా ఫోన్లో అదే కచేరీ శుభ్రంగా వినపడుతుంది గానీ ఆ చోటు వచ్చేసరికి నా చెవి ఆ గుర్రు కోసం చూస్తుంది.

ఐదుతీగలు:

నేను పదకొండేళ్ళుగా మాండలిన్ మీద కర్ణాటక సంగీతమే సాధన చేస్తున్నా, కచేరీలు చేసేంత కాదు, గుళ్ళో చిన్న చిన్నవి. మీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయా.

మాండలిన్ గురించి ముందు రెండు ముక్కలు. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. బాగా బిగిసి ఉంటాయి. మీటితే నాదం చటుక్కున పోతుంది, అందుకే పాత సినిమా పాటల్లో మాండలిన్ వస్తే గలగలమని అదేపనిగా మీటుతూనే ఉంటారు, నాదం నిలబెట్టడానికి వేరే దారి లేదు కాబట్టి. ఆ గలగలలో గమకానికి, అంటే స్వరాన్ని ఊపుతూ సాగదీసి పలికించడానికి, చోటెక్కడుంది? మనకేమో ఒక్కసారి మీటి ఆ ఒక్క మీటులోనే చెయ్యి జరిపి, తీగ లాగి, మూడు నాలుగు స్వరాలు పలికించాలి. పైగా జత తీగలు కదా, రెండిట్నీ ఒకేలా లాగలేం, ఒకటి ఎక్కువ సాగి ఒకటి తక్కువ సాగి శ్రుతి చెడుతుంది. నమ్మకపోతే మీ పాప మాండలిన్ మీద ఒక జత గట్టిగా పక్కకి లాగి చూడండి, చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఒంటి తీగ కాబట్టి లాగొచ్చు, జారొచ్చు. కరెంటు మీద పలుకుతుంది కాబట్టి మీటాక నాదం నిలబడుతుంది. ఐదో తీగతో కింది స్థాయి కూడా దొరికింది, మొత్తం మూడు స్థాయిలకి పైనే. ఎలక్ట్రిక్ అంటే గట్టిగా వినపడ్డం కోసమని చాలామంది అనుకుంటారు, అది కాదు అసలు సంగతి, గమకం పూర్తయ్యేదాకా నాదం బతికుండాలి, దానికోసం.

సరే ఇప్పుడు గురువు గారి సంగతి. తోడి రాగం తీసుకోండి. తోడిలో గాంధారం, అంటే "గ" స్వరం, ఒక మెట్టు (వేలు ఆన్చడానికి తీగల కింద అడ్డంగా ఉండే కమ్మీ) మీద నించోదు, ఊగుతూ ఉంటుంది, కింద నుంచి పైకి పై నుంచి కిందకి. మాండలిన్ వచ్చిన మాస్టారైతే పిల్లాడికి ఏం చెప్తాడు? "ఫలానా మెట్టు మీద వేలు పెట్టు" అంటాడు. పిల్లాడు పెడతాడు. అక్కడ మెట్టు ఉంది, స్వరం ఉంది, తోడి మాత్రం ఉండదు. పాడే గురువుకి మెట్లు ఎక్కడున్నాయో తెలీదు, ఆయనకి తెలిసింది ఆ గాంధారం ఎలా ఉండాలో అదొక్కటే. పాడతాడు. పిల్లాడు వాయిస్తాడు. "కాదు, ఇలా" అని మళ్ళీ పాడతాడు. ఎలా రాబట్టాలో పిల్లాడే వెతుక్కోవాలి, ఏ వేలు, ఎంత జారు, ఎంత లాగుడు అన్నీ. నాకు మొదట్లో వాయిద్యం తెలిసిన మాస్టారే దొరికారు, వేళ్ళు రెండేళ్ళలో బాగా తిరిగాయి, కానీ ఒకరోజు మా పెద్దమ్మ విని "బాగుందిరా, ఏ రాగం ఇది" అంది. ఆవిడ చిన్నప్పట్నుంచీ కచేరీలు వింటున్న మనిషి, నేను వాయించింది ఆవిడకి రోజూ పూజలో పాడుకునే కృతి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మర్నాడే గాత్రం క్లాసులో చేరా, మాండలిన్ ఎనిమిది నెలలు పెట్టెలోంచి తియ్యలేదు.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. కృతి వాయించేటప్పుడు మీటు ఎక్కడ పడాలి అనేది సాహిత్యం చెప్తుంది. "ఎందరో" అన్న మాట తీసుకోండి. "ఎం" దగ్గర ఒక మీటు, "ద" దగ్గర ఒకటి, "రో" దగ్గర ఒకటి. ఆ "ఓ"కారం సాగినంతసేపూ మళ్ళీ మీటకూడదు, ఎడమ చెయ్యే పని చెయ్యాలి. మీటితే మాట ముక్కలైపోతుంది. శ్రీనివాస్ గారు వాయించిన త్యాగరాజ కృతి ఏదైనా, మీకు సాహిత్యం వచ్చినదే పెట్టుకుని, వింటూ లోపల మాటలు అనుకోండి. మాట ఎక్కడ మొదలవుతుందో అక్కడే మీటు పడుతుంది. ఆయన స్పీడు గురించి అందరూ మాట్లాడతారు, పిల్లలైతే అదే విని పడిపోతారు, నేనైతే ఆ మీట్లు లెక్కపెట్టుకుంటూ కూచుంటా. మాటలు తెలియకుండా అలా మీటడం కుదరదు. అది పాడే గురువు దగ్గర కూచుంటేనే వస్తుంది.

మీ మాస్టారు దగ్గరికి పంపించండి.

జాజ్‌పిచ్చి_విశాఖ:

పైన రాసినవాళ్ళంటే గౌరవమే కానీ కథ మొత్తం గాత్రం మీదే పెట్టేస్తే సగమే చెప్పినట్టు. ఏడేళ్ళ వయసులోనే వాసూరావు గారని ఒక సంగీతకారుడు ఆయనకి వెస్ట్రన్ మ్యూజిక్ పరిచయం చేశారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు, అప్పటికి పధ్నాలుగేళ్ళు! 1995లో గిటారిస్ట్ మైకేల్ బ్రూక్‌తో కలిసి ఆల్బమ్ చేశారు, తర్వాత గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ వాళ్ళ రిమెంబర్ శక్తి బృందంలో ఏళ్ళ తరబడి ప్రపంచమంతా తిరిగారు. నేను ఆయన్ని మొదట విన్నది ఆ శక్తి రికార్డింగులోనే, కర్ణాటక సంగీతం అంటే ఏంటో అప్పటికి నాకు బొత్తిగా తెలీదు. మెక్‌లాఫ్లిన్ గిటార్ మీద ఒక ముక్క వాయించి వదిలితే ఈయన దాన్ని అందుకుని ఇంకో మెలిక వేసి తిరిగిచ్చేవారు, అది విని నేను కారు రోడ్డు పక్కకి ఆపేశా, బీచ్ రోడ్డులో. చెవి తెరిచి ఉండకపోతే అలా వాయించడం అవుతుందా? కాబట్టి పాపని గాత్రం ఒక్కదానికే కట్టెయ్యకండి, అన్నీ విననివ్వండి.

క్షీరారామం:

విశాఖ గారూ, విననివ్వాలి అన్నదానికి నేను నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. వాసూరావు గారి సంగతి గుర్తు చేసినందుకు థాంక్స్, నేను రాయాల్సింది, మర్చిపోయా.

కానీ వరస చూడండి. గుడివాడ 1978, బెర్లిన్ 1983, శక్తిలోకి వెళ్ళింది 90ల చివర్లో. శక్తికి వెళ్ళేసరికి ఆయన దాదాపు ఇరవై ఏళ్ళు కచేరీలు చేసిన మనిషి. మెక్‌లాఫ్లిన్ గారు 70ల్లో మొదటి శక్తి పెట్టినప్పుడు పక్కన వయొలిన్ ఎల్.శంకర్, ఘటం విక్కు వినాయక్రమ్, తబలా జాకిర్ హుస్సేన్. మళ్ళీ మొదలెట్టినప్పుడు విక్కు గారి అబ్బాయి సెల్వగణేశ్ వచ్చారు, మన మాండలిన్ వచ్చింది, తర్వాత శంకర్ మహదేవన్ గొంతు వచ్చింది. శ్రీనివాస్ గారు అక్కడికి జాజ్ నేర్చుకోడానికి వెళ్ళలేదండి, తన రాగం తనతో పట్టుకెళ్ళారు. మీరు కారు ఆపిన ముక్క మళ్ళీ వినండి, ఆ మెలికలన్నీ మనం కల్పన స్వరాల్లో, అంటే కచేరీలో అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో, వేసే మెలికలే. గిటార్ వదిలిన ముక్కని పట్టుకోవడం కూడా కొత్తగా నేర్చింది కాదు, చిన్నప్పుడు గురువు గారు పాడింది పట్టుకుని తిరిగి వాయించాడు కదా, అదే పని. పాలకొల్లులో సుబ్బరాజు గారు వదిలేవారు, అక్కడ మెక్‌లాఫ్లిన్ గారు వదిలారు.

ఇది మా వాడు అన్న ప్రేమతో రాస్తున్నానేమో కూడా. అయినా రాస్తా.

మాండలిన్ ఏంటి కర్ణాటక సంగీతం ఏంటి అని మొదట్లో అనుమానపడ్డవాళ్ళు తక్కువేం కాదు. వయొలిన్ మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితర్ గారి తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ గారి కాలంలో మన కచేరీలోకి వచ్చింది, ఇప్పుడది లేకుండా కచేరీ ఊహించుకోగలమా. కద్రి గోపాల్‌నాథ్ గారు సాక్సోఫోన్‌ని తెచ్చారు. కాకపోతే వయొలిన్‌కి మెట్లు లేవు, వేలు ఎటైనా జారుతుంది. మెట్లున్న ఇంత చిన్న వాయిద్యం మీద చెయ్యడం వేరే సంగతి, ఐదుతీగలు గారు చెప్పిందే.

1998లో పద్మశ్రీ ఇచ్చారు. చెన్నైలో సంగీతం స్కూలు పెట్టి పిల్లలకి నేర్పారు, తమ్ముడు రాజేశ్ గారు కూడా మాండలిన్ విద్వాంసులే. 2014 సెప్టెంబర్ 19న పోయారు, నలభై ఐదేళ్ళకే. ఆ రోజు మా అమ్మ ఫోన్ చేసి ఏం మాట్లాడకుండా ఊరుకుంది, నేనూ ఊరుకున్నా, కాసేపటికి "తిన్నావా" అని అడిగి పెట్టేసింది.

సరిగమ_టీచరమ్మ:

నేను గాత్రం నేర్పుతా, ముప్ఫై ఏళ్ళయింది. నా దగ్గర వీణ పిల్ల ఒకతి, కీబోర్డు అబ్బాయి ఒకడు నేర్చుకున్నారు, నాకు ఆ రెండూ వాయించడం రాదు. అందుకని క్లాసులో ఎలా ఉంటుందో చెప్తా, నాన్నగారికి పనికొస్తుంది.

మొదట ఆరు నెలలు పాడిస్తాం, వాయిద్యం పక్కన పెట్టి. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతిలో నిలబడితే చాలు. పాపకి విసుగొస్తుంది, తప్పకుండా వస్తుంది, మాండలిన్ కొనిచ్చి పాడమంటారేంటి అంటుంది. అందుకని మాండలిన్ మీద కూడా రోజూ పది నిమిషాలు అవే స్వరాలు వాయించనివ్వండి, పూర్తిగా దాచెయ్యొద్దు.

తర్వాత ఇలా జరుగుతుంది. నేను ఒక ముక్క పాడతా. పిల్ల దాన్ని నోటితో తిరిగి పాడాలి, అప్పుడే వాయించాలి. నోటికి రానిది చేతికి రాదు. మా వీణ పిల్ల మోహన రాగం వర్ణంలో ఒకచోట ఎప్పుడూ తప్పు వాయించేది, వారం రోజులు "కాదమ్మా" అంటూనే ఉన్నా, ఏ వేలు మార్చాలో నేను చెప్పలేను కదా. ఒకరోజు వీణ మీద చెయ్యి తియ్యమని పాడమన్నా, పాడింది, తప్పు పాటలోనే ఉంది! గాంధారం దగ్గర ఆగాల్సింది ఆగకుండా పంచమానికి దూకేస్తోంది. పాట సరిచేశాం, వీణ దానంతటదే సరైపోయింది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తా. వాయిద్యం పట్టుకునే తీరు, కూచునే తీరు, మీటే చెయ్యి మణికట్టు ఎలా ఉండాలి ఇవి నాలాంటివాళ్ళకి తెలీదు. చెడ్డ అలవాటు పడితే పదేళ్ళ తర్వాత చెయ్యి నొప్పి పుడుతుంది. ఇది ఊరికే అనట్లేదు, మా కీబోర్డు అబ్బాయికి మణికట్టు పట్టేసి ఒక సంవత్సరం ఆపాల్సొచ్చింది, నేను ముందు చూసుకోవాల్సింది, ఇప్పటికీ బాధే నాకు. కాబట్టి రెండు మూడు నెలలకోసారి మాండలిన్ తెలిసినవాళ్ళకి వీడియోలోనైనా చూపించండి. ఐదుతీగలు గారు సాయం చేస్తారేమో.

ఇంకా, మీ మాస్టారు "నాకు రాదు" అని ముందే చెప్పారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

ఐదుతీగలు:

తప్పకుండా అండి. కూకట్‌పల్లి నాన్నగారూ, నాకు మెసేజ్ పెట్టండి, నెలకోసారి పాప చెయ్యి చూస్తా, డబ్బులేం వద్దు. జత తీగలు ఇప్పుడే మార్చకండి. ముందు స్వరాలు రానివ్వండి, గమకాల దాకా వచ్చాక ఒంటి తీగలు వేద్దాం, ఎలా వెయ్యాలో నేనే చెప్తా.

కూకట్‌పల్లి_నాన్న:

అందరికీ చాలా చాలా థాంక్స్. మూడు వారాలైంది కాబట్టి అప్‌డేట్ ఇస్తున్నా.

మాస్టారి దగ్గర చేర్పించాం. మొదటి రోజు మా ఆవిడే తీసుకెళ్ళింది, అనుమానం తనది కదా. వెళ్ళేముందు మీరు రాసినవన్నీ చదివి వినిపించా, తోడి గాంధారం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ చదవమంది. మాస్టారు పాప మాండలిన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నువ్వు నాకు నేర్పాలి" అని తిరిగి ఇచ్చేశారట. తంబురా పెట్టి "సా" పాడారట, పాప తీగ మీద ఆ "సా" కోసం ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ వెళ్ళిందట. చాలాసేపు పట్టింది, ఆయన మాత్రం ఊపిరి తీసుకోవడం, మళ్ళీ "సా" అనడం, అంతే, ఎక్కడుందో చెప్పలేదు. దొరికాక కూడా బాగుందనలేదట, కళ్ళు మూసుకుని తలాడించి "రి" పాడారట.

నిన్న సాయంత్రం ఇంట్లో కుక్కర్ కూతేస్తుంటే పాప మాండలిన్ తెచ్చుకుని ఆ కూత ఏ స్వరమో వెతుకుతోంది. మా ఆవిడ స్టవ్ కట్టేసి పప్పు ఉడక్కుండానే నించుని వింది.

టీచరమ్మ గారూ, పాడ్డం విసుగొస్తుందన్నారు కదా, ఇంకా రాలేదు, వస్తే మళ్ళీ రాస్తా. ఐదుతీగలు గారూ, మీకు మెసేజ్ పెట్టా, ఆదివారం పొద్దున కుదురుతుందా?